వేటచేప పక్కన ఎవరుండాలి?

బాలలూ! నిన్న ఉదయం లెక్కపెట్టినప్పుడు గాజుతొట్టిలో పదహారు చేపలున్నాయి. ఇవాళ లెక్కపెడితే పదిహేనే ఉన్నాయి. చచ్చి తేలిన చేప లేదు. ఎగిరి కిందపడిన చేపా లేదు. తొట్టిమీద మూత వేసినది వేసినట్లే ఉంది గనుక పిల్లి పని కాదు. మరి ఆ పదహారో చేప ఏమైనట్లు?

ఈ చిన్న లెక్క తేల్చుకోలేక నేనొకసారి ఒక పిల్లవాణ్ణి దొంగగా అనుమానించాను. ముందు ఆ సంగతి వినండి.

మా బడి సైన్సు గదిలో ఒక గాజుతొట్టి ఉండేది. ఒక జూలై నెలలో పిల్లలంతా తలా కొంత వేసికొని పట్నంనుంచి చేపలు తెప్పించారు. పది గప్పీలు, ఆరు నల్ల మోలీలు, రెండు ఆస్కార్ పిల్లలు. ఆ ఆస్కార్ పిల్లలు అప్పటికి నా బొటనవేలంత ఉన్నాయి, అంతే. నల్లటి ఒంటిమీద తెలుపు, నారింజ మరకలతో చూడముచ్చటగా ఉండేవి. "చాలా తెలివైన చేపలు సార్, మనిషిని గుర్తుపడతాయి, చేతిలోంచి మేత తింటాయి" అన్నాడు దుకాణదారు. అతడు చెప్పింది నిజమే. చెప్పకుండా వదిలిపెట్టింది మరొకటి ఉంది.

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఆ తొట్టి బాధ్యత తీసికొన్నాడు. మేత వేయడం, వారానికోసారి నీళ్ళు మార్చడం అతని పని. దసరా సెలవులకు గది తాళం కూడా అతనికే ఇచ్చాను. సెలవులయ్యాక వచ్చి చూస్తే ఒక్క గప్పీ లేదు. ఆరు మోలీలలో నాలుగే మిగిలాయి. ఆస్కార్లు మాత్రం నిగనిగలాడుతూ జానెడుకు చేరువయ్యాయి. ఆ పిల్లవాడు ఇంట్లో సీసాలో చేపలు పెంచుతాడని ఎవరో నా చెవిని వేశారు. నేను ముందువెనుకలు చూడకుండా తరగతిలోనే "చేపలేమయ్యాయిరా?" అని అడిగాను. "నేను తియ్యలేదు సార్" అన్నాడు. తాళంచెవి తిరిగి తీసికొన్నాను. ఆ తరువాత నాలుగు రోజులు అతడు చివరి బెంచీలో కూర్చొని తల ఎత్తలేదు.

ఐదోరోజు సాయంకాలం పరీక్ష పేపర్లు దిద్దుతూ సైన్సు గదిలోనే ఉండిపోయాను. వెలుతురు తగ్గింది. ఇంకా దీపం వేయలేదు. ఒక మోలీ తొట్టి మూలన కదలకుండా నిలిచి ఉంది. ఒక ఆస్కార్ నీటిలో కొట్టుకొచ్చే ఎండుటాకులాగా, ఏమీ ఎరగనట్లు, మెల్లగా దాని పక్కకు వచ్చింది. నేను రెప్పవేసి తెరిచేసరికి మోలీ లేదు! ఆస్కార్ నోటినుంచి నల్లని తోకకొస ఒకటి బయటికి కనిపించి అదీ లోపలికి పోయింది. తరమడం లేదు, కొరకడం లేదు, నీళ్ళు చిందడం లేదు.

మరునాడు తరగతిలో అందరి ముందూ "తప్పు నాదిరా" అని తాళంచెవి అతని చేతిలో పెట్టాను. అప్పటినుంచి ఆ తొట్టిని మేమిద్దరం కలిసి చదవడం మొదలుపెట్టాం. మీకు ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ చదువే.

చేప నోరు ఎట్లా పనిచేస్తుంది?

సొరచేపలు, పిరానాలు పళ్ళతో మాంసాన్ని కోసి తినగలవు. వాటిని పక్కన పెడితే వేటాడే చేపల్లో ఎక్కువభాగం ఎరను ముక్కలు చేయవు, నిలువునా మింగుతాయి. మింగడం కూడా మనం అన్నం ముద్ద మింగినట్లు కాదు. ఆస్కార్ వంటి చేప ఒక్కసారిగా దవడలను ముందుకు చాచి నోరు తెరుస్తుంది. అదే క్షణంలో నోటి లోపలి గది విశాలమౌతుంది. లోపల పీడనం తగ్గేసరికి ముందున్న నీరు లోపలికి దూసుకుపోతుంది. ఆ నీటితోపాటే ఎర కూడా కొట్టుకుపోతుంది. తరువాత నోరు మూసుకొని, నీటిని మొప్పల గుండా బయటికి పంపివేస్తుంది. ఇదంతా సెకనులో అతి చిన్న భాగంలో ముగుస్తుంది. నేను రెప్పవేసినంతలో మోలీ మాయం కావడంలో వింత లేదు.

దీనిని మీరు ఇంట్లో చేసి చూడవచ్చు. మందుల దుకాణంలో కొత్త సిరంజి ఒకటి, 20 మిల్లీలీటర్లది, కొనండి. సూది వద్దు. వాడి పారేసిన సిరంజిని మాత్రం ముట్టుకోకండి. ఒక గ్లాసు నీటిలో కాసిన్ని గసగసాలు, రెండు కందిపప్పు బద్దలు, బెత్తెడు సన్నని దారపు ముక్క వేయండి. సిరంజి మూతిని గసగసాల దగ్గర పెట్టి ముషలకాన్ని చప్పున వెనక్కి లాగండి. గసగసాలు నీటితోపాటు లోపలికి పోతాయి. కందిపప్పు దగ్గర పెట్టి లాగండి. అది మూతికి అడ్డంపడి ఆగిపోతుంది. ఇక దారం కొసకు ఎదురుగా మూతి పెట్టి లాగండి. బెత్తెడు దారం కూడా జరజరా లోపలికి పోతుంది!

చూశారా? కందిపప్పు దారంకంటె ఎంతో పొట్టిది. అయినా బతికిపోయింది. దారం పొడవు దానిని కాపాడలేదు. కాబట్టి మింగుడుపడేదీ లేనిదీ నిర్ణయించేది పొడవు కాదు, మందం. చేపల విషయంలో దీనిని "ఎత్తు" అందాం. వీపునుంచి పొట్టదాకా నిలువుగా కొలిచిన కొలత అది. మన చెరువుల్లో దొరికే బొమ్మిడాయి చూడటానికి మూరెడు ఉంటుంది. కాని తాడులాగా సన్నం. దానిని పెద్దనోటి చేప పక్కన పెట్టి "పొడవుంది కదా" అని ధీమాగా ఉంటే మోసపోతాం.

ఈ సంగతి చేపలకు కూడా తెలుసునా అన్నట్లుండే ఒక ముచ్చట చెప్తాను. యూరప్ చెరువుల్లో క్రూషియన్ కార్ప్ అనే చేప ఉంది. అది మన బంగారుచేపకు దగ్గరి చుట్టం. పైక్ అనే పొడుగుమూతి వేటచేప దాని శత్రువు. పైక్ లేని చెరువుల్లో కార్ప్ సన్నగా ఉంటుంది. పైక్ ఉన్న చెరువుల్లో అదే కార్ప్ ఎత్తైన వీపుతో పళ్ళెంలాగా ఉంటుంది. ముందు ఇవి రెండూ వేరువేరు రకాలేమో అనిపిస్తుంది. క్రిస్టర్ బ్రోన్‌మార్క్, జెఫ్రీ మైనర్ అనే శాస్త్రజ్ఞులు స్వీడన్‌లో ప్రయోగం చేసి దీని గుట్టు 1992లో ప్రకటించారు. కార్ప్ ఉన్న నీటిలో పైక్‌ను వదిలితే, కొన్ని వారాలలోనే కార్ప్‌ల శరీరం ఎత్తు పెరిగింది. పైక్ వదలని చోట పెరగలేదు. నీటిలో కలిసే రసాయనాల జాడనుబట్టి కార్ప్ శరీరం శత్రువు ఉనికిని పసిగడుతుందని తరువాతి ప్రయోగాల్లో తేలింది. నోటిలో పట్టని ఆకారానికి పెరిగిపోవడమే దాని కోట. అయితే ఎత్తైన శరీరంతో ఈదడానికి శక్తి ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే శత్రువు లేనిచోట ఆ కోట కట్టుకోదు.

ఇక మన తొట్టి దగ్గరికి రండి. వేటచేపకు తోడు వెదకడమంటే, కార్ప్ చేసికొన్న పనిని మనం ముందే ఆలోచించి చేయడం.

ఆస్కార్ అంటే ఎవరు?

ఆస్కార్ మన దేశపు చేప కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం దాని పుట్టిల్లు. బ్రెజిల్ యాత్రలో సేకరించిన చేపలను పరిశీలించి లూయీ అగాసి 1831లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తమాషా ఏమిటంటే, అంతటి పండితుడు కూడా దీనిని సముద్రపు చేప అని పొరబడ్డాడు! దీని శాస్త్రీయనామం ఆస్ట్రోనోటస్ ఆసిలేటస్. లాటిన్‌లో ఆసిలస్ అంటే చిన్న కన్ను. తోక మొదట్లో నల్లని చుక్క, దానిచుట్టూ నారింజరంగు వలయం ఉంటాయి. దూరంనుంచి అది కన్నులాగానే కనిపిస్తుంది. అమెజాన్‌లో రెక్కలు కొరికే పిరానాలకు తల ఎటో తోక ఎటో తెలియకుండా తికమకపెట్టడానికే ఈ దొంగకన్ను అని శాస్త్రజ్ఞులు అనుకొంటున్నారు.

దుకాణంలో ఇది రెండంగుళాలే. కాని సరిగా మేపితే మొదటి ఏడాదిలోనే 20, 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. తొట్టిలో 30 సెంటీమీటర్ల ఆస్కార్ సర్వసాధారణం. పదేళ్ళకు పైగా బతుకుతుంది. పిల్లలూ, నేను చేసిన పొరపాటు ఇక్కడుంది. జూలైలో ఆస్కార్ నోటిలో గప్పీ పట్టదు. అక్టోబరులో పడుతుంది. కొన్ననాటి కొలతలు చూసి స్నేహం కుదిర్చాను. ఒకటి పెరుగుతుంది, ఇంకొకటి పెరగదు అన్నది మరిచిపోయాను. గప్పీ ఎంత పెరిగినా రెండంగుళాలకు మించదు.

కాబట్టి తోడుచేపను ఎన్నుకొనేటప్పుడు రెండు కొలతలు కాగితంమీద రాసుకోవాలి. వేటచేప పూర్తిగా పెరిగాక దాని నోరు ఎంత తెరుచుకొంటుంది? తోడుచేప పూర్తిగా పెరిగాక దాని ఎత్తు ఎంత ఉంటుంది? రెండోది మొదటిదానికంటె బాగా ఎక్కువ ఉండాలి. "బాగా" అని ఎందుకంటున్నానంటే, సరిగ్గా సరిపోయే కొలత అన్నిటికంటె ప్రమాదం. నోటిలో పట్టీపట్టని చేపను మింగబోయి గొంతులో ఇరికించుకొని రెండూ చనిపోయిన సందర్భాలున్నాయి. చిన్న వయసులో చేర్చేటప్పుడు, వేటచేప పొడవులో సగంకంటె తక్కువ ఉన్నదానిని చేర్చకూడదని మేము నియమం పెట్టుకొన్నాం. కొలిచేటప్పుడు గళ్ళకాగితాన్ని తొట్టి గాజుకు బయటివైపున అంటించి, చేప ఆ గాజును ఆనుకొని ఈదుతున్నప్పుడే చూడండి. దూరంగా ఉన్నప్పుడు కొలిస్తే కాంతి వక్రీభవనం మిమ్మల్ని మోసం చేస్తుంది.

ముళ్ళున్న చేపల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జెల్లను చేతితో పట్టినవారికి తెలుసు, దాని వీపుమీద ఒకటి, పక్కల రెండు గట్టి ముళ్ళుంటాయి. భయపడితే వాటిని నిటారుగా నిలిపి, అవి మడవకుండా బిగించుకొంటుంది. గొడుగు తెరిచి కడ్డీ బిగించినట్లన్నమాట. అది మింగబోయినవాడి గొంతులో తెరుచుకొంటే ఇక మింగనూలేడు, కక్కనూలేడు. చిన్న జెల్లజాతి చేపలను వేటచేపతో ఉంచితే, "తినదులే, ముళ్ళున్నాయి" అనుకోకండి. చేప ముందు మింగుతుంది, తరువాత తెలుసుకొంటుంది.

ఒకే తల్లి పిల్లలైనా...

ఇదంతా విదేశీ చేపల గొడవ అనుకోవద్దు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనునే చూడండి. తల్లీతండ్రీ కలిసి తమ ఎర్రటి పిల్లల గుంపును కంటికి రెప్పలాగా కాస్తాయి. దగ్గరికి వెళ్ళిన కప్పనుకూడా తరుముతాయి. ఇంత ప్రేమగా పెరిగిన ఆ పిల్లలే కొంచెం పెద్దయ్యాక, వాటిలో ఒకటి వేగంగా పెరిగి నోరు పెద్దదైతే, తన తోడబుట్టినదానినే మింగేస్తుంది! అందుకే కొర్రమీను పెంచే రైతులు పిల్లలను తరచుగా జల్లించినట్లు వేరుచేసి, ఒకే సైజువాటిని ఒకచోట ఉంచుతారు. ఇందులో క్రూరత్వమేమీ లేదు. ఆ నోటికి చుట్టరికం తెలియదు, కొలతే తెలుసు.

చేపల రైతులనుంచి మనం నేర్చుకోవలసినది ఇంకొకటి ఉంది. కొల్లేరు పరిసరాల్లోని చెరువుల్లో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కలిపి పెంచుతారు. బొచ్చె నీటి పైభాగంలో మేస్తుంది. శీలావతి నడుమన, ఎర్రమోసు అడుగున మేస్తాయి. ఒకే చెరువు మూడంతస్తుల మేడలాగా పనిచేస్తుంది. ఎవరి వాటా వారిది. చేపపిల్లలను వదలడానికి ముందు చెరువులోని కొర్రమీను, వాలుగ వంటి వేటచేపలను తీసివేస్తారు. అందుకు ఇప్పపిండి చల్లే పద్ధతి ఉంది. ఇప్పపిండిలోని సపోనిన్ అనే పదార్థం చేపలను చంపుతుంది. కొద్దికాలం తరువాత దాని విషం విరిగి, పిండి చెరువుకు ఎరువవుతుంది.

ఈ అంతస్తుల సూత్రం తొట్టికీ వర్తిస్తుంది. ఆస్కార్ ఎక్కువగా నడుమన, అడుగున తిరుగుతూ, అడుగున గుంట తవ్వి "ఇది నాది" అని కాపలా కాస్తుంది. అదే చోటు కావాలనే చేపను తెచ్చి చేరిస్తే రోజూ కుస్తీపట్లే. మా రెండు ఆస్కార్లే దానికి ఉదాహరణ. చిన్నప్పుడు ఒకే రాయి కింద నిద్రపోయేవి. అరచేయంత అయ్యాక ఒకదానిని ఒకటి మూతితో పట్టి లాగడం మొదలుపెట్టాయి. బలహీనమైనది మూలన నిలిచి మేత మానేసింది. దానిని తొట్టి ఉన్న ఇంకొక బడికి ఇచ్చివేశాం. పాతకాపు ఉన్న తొట్టిలో కొత్తచేపను వదలాల్సివస్తే, ముందుగా అందులోని రాళ్ళను, గుల్లలను స్థలాలు మార్చి పెట్టండి. పాతదానికి తన సరిహద్దులు గుర్తుపట్టడం కష్టమౌతుంది. పోట్లాట కొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను.

చిన్నచేపలు ఎప్పుడూ అమాయకులే అనుకోవడం కూడా తప్పు. టైగర్ బార్బ్ అనే పులిచారల చేప రెండంగుళాలే ఉంటుంది. గుంపుగా చేరి, మెల్లగా ఈదే పెద్దచేపల పొడవైన రెక్కలను చిలుము పట్టినట్లు కొరికి చింపుతుంది. ఆ గాయాలకు బూజు పడుతుంది.

మరి ఆస్కార్‌కు తోడెవరు?

మేము చివరికి ఎన్నుకొన్నది సిల్వర్ డాలర్ అనే చేపను. పేరుకు తగ్గట్లే వెండిరూపాయిలాగా గుండ్రంగా, పలచగా, ఎత్తుగా ఉంటుంది. ఇదీ దక్షిణ అమెరికాదే గనుక ఇద్దరికీ ఒకే రకం నీరు, ఒకే వెచ్చదనం సరిపోతాయి. పెరిగితే 15 సెంటీమీటర్లదాకా వస్తుంది. ఆ ఎత్తు ఆస్కార్ నోటిలో పట్టదు. గుంపుగా తిరుగుతుంది. వేగంగా తప్పుకొంటుంది. అడుగున గుంటలు తవ్వే పనిలో దానికి ఆసక్తి లేదు. పైగా అది ఆకులు అలములు తినే చేప. ఆస్కార్ వాటాకు పోటీరాదు. కందిపప్పు ప్రయోగం గుర్తుందా? అదే ఇది. ఒక్క చిక్కుంది. తొట్టిలో పచ్చని మొక్కలు కావాలనుకొనేవారికి ఈ జోడీ పనికిరాదు. ఒకడు వేళ్ళతో పెకలిస్తాడు, ఇంకొకడు మిగిలినదానిని నమిలేస్తాడు!

నీటి సంగతిలో తొందరపడకండి. ఆస్కార్‌కు 24 నుంచి 28 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనం, మెత్తని నీరు హాయి. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు కూడా ఆస్కార్ కుటుంబానివే, వాటికీ కోపం ఎక్కువే. "కోపిష్ఠికి కోపిష్ఠి తోడు" అని కొందరు రెండింటినీ కలిపేస్తారు. మలావి నీరు ఖనిజలవణాలు ఎక్కువగా ఉన్న క్షారనీరు. ఒకరికి సరిపోయే నీరు ఇంకొకరికి సరిపోదు. బంగారుచేప అయితే చల్లని నీటిది. దానిని ఆస్కార్‌కు తోడుగా పెట్టేవారున్నారు, మేతగా వేసేవారూ ఉన్నారు. రెండూ వద్దంటాను. బంగారుచేప మాంసంలో థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది థయమిన్‌ను, అంటే బి-1 విటమినును, విరగగొడుతుంది. రోజూ అదే మేతైతే ఆస్కార్‌కు విటమిను లోపం వస్తుంది. దుకాణపు చేపలతో రోగాలు కూడా ఇంట్లోకి వస్తాయి. గుళికల మేత, రొయ్యముక్కలు, వానపాములు చాలు. వేటచేపకు బతికున్న చేపే కావాలన్నది మన సరదా, దాని అవసరం కాదు.

తొట్టి ఎంత ఉండాలి? లెక్క మీరే చేయండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. గుణిస్తే 9 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు సుమారు 28 లీటర్లు. అంటే రమారమి 250 లీటర్లు. ఇది ఒంటరిగా ఉండే ఒక్క ఆస్కార్‌కు. తోడు కావాలంటే ఆరడుగులు, రెండడుగులు, రెండడుగులు. సుమారు 670 లీటర్లు. నీటి బరువే 670 కిలోలని మరిచిపోకండి. బల్ల గట్టిది కావాలి.

ఇంత నీరెందుకంటే, చేప తన మొప్పలద్వారా అమ్మోనియాను నీటిలోకి వదులుతుంది. మాంసకృత్తులు ఎక్కువ తినే చేప ఎక్కువ వదులుతుంది. వడపోత గుళ్ళలో నివసించే ఒకరకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకొక రకం దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. దీని విషం చాలా తక్కువ. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా స్థిరపడటానికి నెలా నెలన్నర పడుతుంది. తొట్టి కొన్ననాడే చేపలన్నిటినీ కుమ్మరించేవారు, వారం తిరగకుండా "నీళ్ళు పడలేదు" అని బాధపడుతుంటారు. వారానికొకసారి నాలుగోవంతు నీరు మార్చాలి. కుళాయి నీరైతే ఒకరోజు తొట్టి బయట నిలవబెట్టి క్లోరిన్ పోయాక పోయాలి.

తొట్టి దాటిన తోడుచేప

ఇక ఆస్కార్‌కు తోడుగా ఎక్కువమంది కొనే చేప ఇంకొకటుంది. ఒళ్ళంతా కవచంలాంటి పలకలతో, అడుగువైపు గుండ్రని నోటితో గాజుకు అతుక్కొని నాచును నాకే చేప అది. "టాంక్ క్లీనర్" అని అమ్ముతారు. ఆ కవచాన్ని ఆస్కార్ నోరు ఏమీ చేయలేదు. తోడుగా చూస్తే మంచి ఎంపికే అనిపిస్తుంది. మేమూ కొనబోయాం. అయితే అప్పటికి మా పిల్లవాడికి ఒక అలవాటు వచ్చేసింది. "పెరిగితే ఎంతవుతుంది అన్నా?" అని దుకాణదారును అడిగాడు. అతడు నవ్వి ఊరుకున్నాడు. పుస్తకంలో చూస్తే, మూరెడు అని ఉంది!

వేలెడుగా కొన్న ఈ చేప మూరెడు పెరిగాక ఇంట్లో చోటు చాలక, చంపడానికి మనసొప్పక, జనం ఏంచేస్తారు? ఊరి చెరువులోనో, కాలువలోనో వదిలిపెడతారు. పుణ్యం చేశామనుకొంటారు. అట్లా వదిలినవాటి సంతతే ఈనాడు మన చెరువుల్లో, కాలువల్లో జాలరుల వలలకు చిక్కుతున్నది. మనవాళ్ళు దీనిని "డెవిల్ ఫిష్" అంటున్నారు. వలలో పడిందంటే దాని గరుకు పలకలు, ముళ్ళు దారాలను తెంపుతాయి. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గితే పైకి వచ్చి గాలి మింగి, జీర్ణాశయంతోనే శ్వాసిస్తుంది. అమెజాన్‌లో దీనిని తినే మొసళ్ళు, నీటికుక్కలు, పెద్దచేపలు ఉన్నాయి. మన చెరువులో దాని కవచాన్ని పగలగొట్టే నోరు ఏది? హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో కలిసిన డి.ఎన్.ఏ. జాడలనుబట్టి తూర్పు కనుమల నీటివనరుల్లో ఈ చేప ఎంతగా విస్తరించిందో వెదికి చూపారు. చేపను పట్టకుండానే, చెంబెడు నీటితో దాని ఉనికి కనిపెట్టడం ఎంత గొప్ప ఉపాయమో చూడండి!

ఆస్కార్‌ను కూడా చెరువులో వదలకూడదు. మన పరిగెపిల్లలకు, రొయ్యలకు దాని నోరు ఎట్లాంటిదో తెలియదు. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి. పెద్దతొట్టి ఉన్నవారికి ఇవ్వండి. కొనడానికి ముందే "తిరిగి తీసికొంటావా?" అని దుకాణదారును అడిగి ఉంచుకొంటే ఇంకా మంచిది.

మా తొట్టిలో టాంక్ క్లీనర్ చేరలేదు. గాజుమీది నాచును పిల్లలే పాత స్పాంజితో తుడుస్తారు. బడి పూర్వవిద్యార్థి ఒకరు ఆరడుగుల తొట్టి చేయించి ఇచ్చారు. అందులో ఒక ఆస్కార్, ఆరు సిల్వర్ డాలర్లు కలిసి తిరిగాయి. తాళంచెవి పిల్లవాడు ప్రతి ఆదివారం వాటి కొలతలు ఒక నోటుపుస్తకంలో రాసేవాడు. పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళిపోతూ ఆ పుస్తకం నాకిచ్చాడు. ఇప్పటికీ నా బీరువాలో ఉంది. చివరి పేజీలో ఇట్లా రాశాడు: ఆస్కార్ పొడవు 29 సెం.మీ., నోరు తెరిస్తే 4 సెం.మీ. సిల్వర్ డాలర్లు, లెక్కకు ఆరు. అన్నిటిలో చిన్నదాని ఎత్తు 9 సెం.మీ.